చలికాలంలో పీచు పక్కన పెట్టండి



చలి మొదలైందంటే మా ఐదో తరగతిలో రాత కంటే గోకుడు ఎక్కువవుతుంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక తెల్లగా పొట్టు. "రోజూ పీచుతో బాగా రుద్దే స్నానం చేయిస్తున్నాం మేడమ్, అయినా తగ్గట్లేదు" అని మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు వాపోయారు. ఆ రుద్దుడు కూడా ఒక కారణం కావచ్చు.

చర్మంలో అన్నిటికన్నా పైపొర పేరు స్ట్రాటమ్ కార్నియమ్. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం సుమారు 0.02 మిల్లీమీటర్లే. అందులో 15 నుంచి 20 వరసల కణాలుంటాయి, అన్నీ చనిపోయినవే. చచ్చినవేగా, తోమేస్తే పోయిందేముంది అనిపిస్తుంది. కానీ కాపలా కాసేవి అవే. అడుగున పుట్టిన కణం పైకి వస్తూ కెరటిన్‌తో నిండి, పలచగా, గట్టిగా మారుతుంది. పుట్టి రాలిపోయేదాకా దాదాపు నాలుగు వారాలు. ఈ కణాలు ఇటుకలైతే, మధ్యలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం లాంటివి. గోడ బాగుంటే లోపలి నీరు బయటికి పోదు, బయటి దుమ్ము, క్రిములు లోపలికి రావు. సబ్బు, వేడినీళ్లు ఆ కొవ్వును కడిగేస్తాయి. సందులు పడతాయి, దురద పుడుతుంది. గోకితే గోడ ఇంకాస్త కూలుతుంది.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ గోడ బలహీనం. కణాల్లో తేమను నిలపడానికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని డండీ యూనివర్సిటీ పరిశోధకుల బృందం 2006లో చూపించింది. ఇది అపరిశుభ్రత కాదు, అంటుకునేది అసలే కాదు. దయచేసి ఇంట్లో పిల్లలకు ఈ మాట చెప్పండి. పక్క పిల్లాడి చేతులు చూసి బెంచీ మారతామని అడిగేవాళ్లున్నారు. ఆ పిల్లాడి ముఖం నేను చూశాను.

స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు, పది నిమిషాల్లో ముగించండి. టవల్‌తో అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. పండగనాటి నలుగుకు నేనేం అడ్డు చెప్పను, ముందు నూనె పెడతారు కాబట్టి. రుద్దితే రంగు తేలుతుందనుకుంటే మాత్రం, మెలనిన్ తయారయ్యేది అట్టడుగు పొరలో. పీచు అక్కడికి చేరదు. రసి కారినా, పగిలి రక్తం వచ్చినా చర్మవైద్యులకు చూపించండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు కొనొద్దు.

మీ బాబుకో పాపకో మధ్యాహ్నం క్రీము అవసరమైతే డైరీలో రాసి, పేరు అంటించిన చిన్న డబ్బా బ్యాగులో పెట్టండి. లంచ్ తర్వాత చేతులు కడుక్కోగానే రాసుకోమని నేను గుర్తుచేస్తాను.