కంచం నిండుగానే ఉంది, గాదె అడుగంటింది

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వయసు 34, బడిలో ఉద్యోగం. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం, దువ్వెన నిండా జుట్టు. డాక్టరు సీబీపీ చేయిస్తే హిమోగ్లోబిన్ 12.6 వచ్చింది. ‘రక్తం బాగానే ఉందమ్మా’ అన్నారు. మూడు నెలలయ్యాక ఇంకో డాక్టరు సీరమ్ ఫెరిటిన్ చేయించారు. అది 9 వచ్చింది. ‘ఐరన్ నిల్వలు లేవు’ అన్నారు. ‘రక్తం బాగుంటే ఐరన్ లేకపోవడమేమిటి? ఈ రెండు రిపోర్టుల్లో ఏది నిజం?’ అని ఆవిడ అడుగుతున్నారు.

రెండూ నిజమే. ఎలాగో చెప్పాలంటే శరీరంలోని ఒక అద్భుతమైన గాదె గురించి చెప్పాలి. నాకు ఎంత చెప్పినా తనివి తీరని విషయం అది.

ముందు చిన్న లెక్క. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆవిడ ఒంట్లో నాలుగు లీటర్ల రక్తం ఉందనుకుంటే హిమోగ్లోబిన్ 500 గ్రాములు, అందులో ఇనుము 1,700 మిల్లీగ్రాములు. ఇది వాడకంలో ఉన్న సరుకు. నిల్వ వేరు. అది కాలేయం, ప్లీహం, ఎముక మూలుగల్లో ఉంటుంది. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ముసలి కణాలను మాక్రోఫేజ్‌లనే కణాలు మింగి, వాటిలోని ఇనుమును మళ్లీ మూలుగకు అందిస్తాయి. ఇలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు చేతులు మారుతుంటే, తిండి నుంచి కొత్తగా వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదు. చర్మం, పేగు కణాలు రాలడం వల్ల పోయే కాస్తా పోను, పెద్ద నష్టమంతా రక్తం ద్వారానే. నెలసరిలో 35 మిల్లీలీటర్లు పోతే 15 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. ఒకసారి 350 మిల్లీలీటర్ల రక్తదానం చేస్తే సుమారు 150 మిల్లీగ్రాములు.

ఇక గాదె. దాని పేరు ఫెరిటిన్.

ఇనుము లేనిదే బతకలేం, అలాగని దాన్ని విడిగా వదిలేసి కూడా బతకలేం. కణంలో ఇనుము ఒంటరిగా తిరిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి ఎదురుపడ్డ ప్రతిదాన్నీ కాల్చే రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఈ చర్యను 1894లో హెన్రీ ఫెంటన్ వర్ణించాడు. అందుకే కణం ఇనుమును తుప్పుగా మార్చి దాచుకుంటుంది. 24 ప్రోటీన్ ముక్కలు కలిసి ఒక బోలు బంతిని కడతాయి. దాని వ్యాసం మీటరులో వంద కోట్ల వంతుల్లో 12. గోడలో సన్నని దారులుంటాయి. వాటిగుండా దూరిన ఇనుమును గోడలోని ఎంజైమ్ ఆక్సీకరణం చేస్తే, లోపల అది గట్టిపడి ఖనిజంగా పేరుకుంటుంది. ఒక్కో బంతిలో 4,500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. 1937లో విలెం లాఫ్‌బెర్గర్ అనే చెక్ శాస్త్రవేత్త గుర్రపు ప్లీహం నుంచి దీన్ని స్ఫటికాలుగా తీశాడు.

గాదె ఎప్పుడు కట్టాలో కణానికి ఎలా తెలుస్తుంది? అసలు సొగసంతా ఇక్కడే ఉంది. మామూలుగా ఒక ప్రోటీన్ కావాలంటే కణం డీఎన్ఏ నుంచి ఎంఆర్ఎన్ఏ అనే చీటీ రాయించుకుంటుంది. ఎక్కువ ప్రోటీన్‌కు ఎక్కువ చీటీలు కావాలని అనుకునేవారు. కానీ 1960లలో హామిష్ మన్రో బృందం ఎలుకల్లో ఒక వింత చూసింది. కొత్త చీటీలు రాకుండా మందుతో ఆపేసినా, ఇనుము ఎక్కించగానే ఫెరిటిన్ తయారీ పెరిగింది! అంటే చీటీలు ముందే రాసి ఉన్నాయి, వాటిని ఎవరో తొక్కిపెట్టి ఉంచారన్నమాట.

ఆ తాళం 1987లో దొరికింది. ఫెరిటిన్ చీటీ మొదట్లోనే ఒక చిన్న భాగం జడపిన్నులా మడతపడి ఉంటుంది. ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఐఆర్‌పీ అనే ప్రోటీన్ వచ్చి ఆ మడత మీద కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపూ ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ చీటీ చదవలేదు, గాదె కట్టడం ఆగుతుంది. ఇనుము వచ్చిందా, దాని నాలుగు పరమాణువులు గంధకంతో కలిసి ఆ కాపలాదారు పొట్టలోనే చేరతాయి. దాంతో దాని ఆకారం మారిపోయి, మడతను వదిలేసి లేచిపోతుంది. లేచి ఊరుకోదు, అకోనిటేజ్ అనే ఎంజైమ్‌గా మారి సిట్రేట్ మీద పని చేస్తుంది! తాళంచెవి మరేదో కాదు, ఇనుమే. ధాన్యమే వచ్చి గాదె తలుపు తీస్తుంది.

ఇంతటితో అయిపోలేదు. ఇనుమును కణంలోకి లాగే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ చీటీకి కూడా ఇలాంటి మడతలే ఉన్నాయి, కాకపోతే చివర్లో. అక్కడ ఐఆర్‌పీ కూర్చుంటే ఆ చీటీ పాడవకుండా ఎక్కువకాలం నిలుస్తుంది. కరువొస్తే గాదె కట్టడం ఆపి, బయటి నుంచి తెచ్చే కూలీలను పెంచడం! ఒకే ప్రోటీన్ రెండు చోట్ల కూర్చుని రెండు వ్యతిరేక ఫలితాలు సాధిస్తోంది. ఇంత పొదుపైన ఏర్పాటు నాకు మరెక్కడా కనబడలేదు.

ఈ కణాల సంగతి రక్తపరీక్షకు ఎలా చేరింది? ఒకప్పుడు నిల్వలు తెలియాలంటే ఎముకలో సూది గుచ్చి మూలుగ తీయాల్సిందే. దాన్ని గాజుపలక మీద పూసి పెర్ల్స్ రంగు వేస్తే ఇనుము ఉన్నచోటల్లా నీలం మచ్చలు కనిపిస్తాయి. మచ్చ లేదంటే గాదె ఖాళీ. 1956లో కాలేయ రోగుల రక్తంలో ఫెరిటిన్ దొరికింది. దాంతో అది దెబ్బతిన్న కణాల నుంచి కారే సరుకని, ఆరోగ్యవంతుల రక్తంలో ఉండదని అనుకున్నారు. పొరపాటు వాళ్ల తెలివిలో లేదు, కొలిచే సాధనంలో ఉంది. 1972లో కార్డిఫ్ పరిశోధకులు రేడియోధార్మిక గుర్తు తగిలించిన యాంటీబాడీలతో వెతికితే ఆరోగ్యవంతులందరి రక్తంలోనూ అది కనబడింది, కాకపోతే అతి కొద్దిగా. పైగా ఆ కొద్దిపాటి మోతాదు నిల్వకు అనుగుణంగా పెరుగుతూ తగ్గుతూ ఉంది. రక్తంలో తిరిగే ఫెరిటిన్‌లో ఇనుము దాదాపు ఉండదు, అవి ఉత్త డబ్బాలు. అయినా లీటరుకు ఒక మైక్రోగ్రాము ఫెరిటిన్ ఉంటే నిల్వలో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు తెనాలి ఉత్తరానికి వద్దాం. 9 అంటే నిల్వ 70 నుంచి 90 మిల్లీగ్రాములు. పక్కనే 1,700 మిల్లీగ్రాములు వాడకంలో ఉన్నాయి. శరీరం ముందు గాదె ఊడ్చి కంచం నింపుతుంది. కంచం వెలితి పడేది ఆఖర్న. హిమోగ్లోబిన్ చూసి ఇనుము బాగుందనడం కంచం చూసి గాదెను లెక్కకట్టడమే. పైగా స్త్రీలకు 12, పురుషులకు 13 అన్న హద్దులు జనాభా మొత్తానికి పెట్టుకున్నవి. ఒకప్పుడు 14 ఉన్న మనిషి 12.6కు వస్తే పదో వంతు పోగొట్టుకున్నట్టే, కానీ రిపోర్టు ‘నార్మల్’ అంటుంది.

ఫెరిటిన్‌కూ ఒక లోపం ఉంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కాలేయ జబ్బు, ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా అది పెరుగుతుంది. సూక్ష్మజీవులకు కూడా ఇనుము కావాలి కనుక, చొరబాటు జరగ్గానే శరీరం ఇనుమును దాచేస్తుంది. కాలేయం వదిలే హెప్సిడిన్ అనే హార్మోన్ పేగు నుంచి, మాక్రోఫేజ్‌ల నుంచి ఇనుము బయటికొచ్చే ద్వారాన్ని మూసేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో రెండు హద్దులు చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు 15 లోపు, ఇన్‌ఫెక్షన్ లేదా వాపు ఉన్నవారికి 70 లోపు ఉంటే లోటు అని. వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ పరీక్ష కూడా చూస్తే ఫెరిటిన్ నిజం చెబుతోందో లేదో తెలుస్తుంది. అంకె తక్కువగా ఉంటే మాత్రం అనుమానం అక్కర్లేదు, తక్కువ ఫెరిటిన్ అబద్ధం చెప్పదు. సీరమ్ ఐరన్ ఒక్కటే చేయించి తీర్పు చెప్పడం దండగ. అది పొద్దుటికీ సాయంత్రానికీ, భోజనానికీ మాత్రకూ మారిపోతుంది.

రక్తహీనత అంతా ఇనుము లోటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఇనుము తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ తగ్గితే పెద్దవవుతాయి. రెండు లోట్లూ కలిస్తే సగటు పరిమాణమైన ఎంసీవీ మామూలుగానే కనబడి మోసం చేస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే అని గుర్తు చేసుకుంటే గర్వంగా ఉంటుంది. తలసీమియా లక్షణం ఉన్నవారిలోనూ కణాలు చిన్నవే, కానీ వాటి సంఖ్య ఎక్కువ. అలాంటివారు ఫెరిటిన్ చూడకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగడం మంచిది కాదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలి నుంచి తీసిన చుక్కలో హిమోగ్లోబిన్ చూసి చెప్పిన అంకెలివి. ఎందరికి తక్కువో చెబుతాయి, ఎందుకు తక్కువో చెప్పవు. కారణం తెలియకుండా అందరికీ ఒకే మాత్ర ఇస్తే, ఎవరికి పట్టిందో ఎవరికి పట్టలేదో ఎలా తెలుస్తుంది?

మాత్ర సంగతి కూడా ఒక్క మాట. ఐరన్ మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి మర్నాటి దాకా తలుపు మూసి ఉంచుతుంది. నిల్వలు తగ్గిన స్త్రీలలో రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రలోని ఇనుము ఎక్కువ శాతం ఒంటబడుతుందని 2017లో జ్యూరిక్ పరిశోధకులు చూపారు. మీకు ఏ పద్ధతి సరిపోతుందో మీ డాక్టరును అడగండి.

అమ్మా, మీ నీరసం మీ ఊహ కాదు. నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది, హిమోగ్లోబిన్ పెరిగిందని మధ్యలో మానేయకండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇక మగవారిలో, నెలసరి ఆగిన స్త్రీలలో ఫెరిటిన్ ఇలా పడిపోతే మాత్రతో సరిపెట్టకూడదు. పేగుల్లో ఎక్కడో రక్తం కారుతోందేమో వెతికించి తీరాలి.

ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ‘నాకు రక్తం ఎంత ఉంది’ అని మాత్రమే అడిగి వచ్చేయకండి. ‘నా నిల్వ ఎంత ఉంది’ అని కూడా అడగండి.