గురువు మాట యూట్యూబ్‌లో వినపడదు

ఫోన్‌లో 'చెక్కభజన' అని కొట్టి చూడండి. వేలు నొప్పి పుట్టేదాకా వీడియోలు వస్తూనే ఉంటాయి. ఆళ్లగడ్డ వైపువి, మైదుకూరు వైపువి, ఆదోని వైపువి. పంచె బిగించి, నడుముకు దట్టి చుట్టి, కాళ్లకు గజ్జెలు కట్టిన మొగవాళ్లు చేతుల్లో చెక్కలు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతుంటారు. ఒకే రంగు చీరల్లో ఆడవాళ్లు కోలాటం కోలలు తట్టుతుంటారు. ఈమధ్య డ్రోన్లతో పైనుంచి తీసినవీ కనపడుతున్నాయి. లైకులకు కొదవ లేదు. కువైట్‌లో డ్యూటీ దిగిన రాజంపేట పిల్లోడు రాత్రిపూట గదిలో పడుకుని వాటినే చూస్తుంటాడు.

ఆ వీడియోల్లో అన్నీ ఉన్నాయి, ఒక్క మనిషి మాట తప్ప. వలయం మధ్యలో తాళాలు పట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. పెదవులు కదులుతుంటాయి. ఏమంటున్నాడో వినపడదు. సౌండ్ బాక్సు మోత దాన్ని మింగేస్తుంది, లేదంటే వీడియో ఎక్కించినవాళ్లే ఆ సద్దు తీసేసి పైన శుభ్రమైన పాట అతికిస్తారు. ఆ మనిషే గురువు. ఆట అంతా ఆయన మాట మీద నడుస్తుంది.

చూసేవాళ్లకు పాట, అడుగు, గజ్జెల మోత కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఆడేవాళ్లకు అట్లా కాదు. గురువు ఒక పాదం పాడితే దళం దాన్ని అందుకుంటుంది. చరణం ముగియబోతుండగా, ఇంకా ముగియకముందే, ఆయన తర్వాతి అడుగు చెప్పేయాలి. ఆలస్యమైతే సగంమంది పాత అడుగులో, సగంమంది కొత్త అడుగులో పడి వలయం చెదురుతుంది. మరీ ముందు చెబితే ఉత్సాహం ఆగని కుర్రాళ్లు అప్పుడే తిరిగేస్తారు. ఆ సందు రెండు మూడు దెబ్బల వెడల్పే. అందులో ఒకరు మాటతో, ఒకరు ఈలతో, ఒకరు తాళాలు గట్టిగా కొట్టి సైగ ఇస్తారు. కోలాటంలో ఎక్కువగా విజిల్. చెక్కభజనలో ఒక్కోసారి గురువు కాలే మాట్లాడుతుంది. ఆయన మడమ నేలకు కొట్టిన తీరు చూసి ముందు వరుసవాళ్లు పట్టేస్తారు, మిగతావాళ్లు ముందు వరుసను పడతారు.

ఎన్నిసార్లు తిప్పాలన్నది కూడా ఆయన లెక్కే. కొత్త దళమైతే అదే పాదాన్ని నాలుగుసార్లు ఎక్కువ పాడి కాళ్లు కుదిరేదాకా ఆగుతాడు. జనం ఊగుతున్నారనిపిస్తే దరువు పెంచుతాడు. పెద్దవయసు ఆడవాళ్ల కోలాటమైతే కూర్చుని లేచే అడుగును చల్లగా తప్పించేస్తాడు. ఇదంతా అప్పటికప్పుడు కాళ్లు చూసి తీసుకునే నిర్ణయం.

రాయలసీమ మెట్ట ఊళ్లలో ఇది నేర్చుకునే కాలం ఒకటుంది. వేరుశనగ, కంది ఇంటికి చేరి, మళ్లీ వానలు పడేదాకా సాయంత్రాలు ఖాళీ. అప్పుడు వేరే ఊరినుంచి గురువును పిలిపించుకుంటారు. రాముడి గుడి ముందరో రచ్చకట్ట దగ్గరో, అన్నాలు తిన్నాక ఆట మొదలవుతుంది. రోజులు కాదు, నెలలు పడుతుంది. "ఏమప్పా, ఎడమకాలు యాడ పెట్టినావు?" అన్న మందలింపు మీదే చాలామంది ఆట నిలబడింది. నేర్పు ముగిశాక గజ్జెపూజ చేసి, దళం మొదటిసారి ఊరి ముందు గజ్జె కడుతుంది. గురువుకు బట్టలు పెట్టి, ముడుపు చెల్లించి సాగనంపుతారు.

ఈ కాలపట్టిక ఇప్పుడు తప్పింది. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్లనుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఇరవైమంది దళంలో సగంమంది ఊళ్లో లేకపోతే గురువు ఎవరికి నేర్పాలి? కడప వైపునుంచి గల్ఫ్‌కు, బెంగళూరుకు పోయినవాళ్లు పోగా మిగిలేది బడిపిల్లలు, ఆడవాళ్లు. ఒకప్పుడు మొగవాళ్ల ఆటగానే చూసిన భజనలోకి ఆడవాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో రావడానికి ఇదీ ఒక కారణమని నా అంచనా. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే కోలాట బృందాలను చూసి, మనమూ పోవాలన్న కోరిక మరో కారణం. ఒంటిమిట్టలో రాష్ట్ర విభజన తర్వాత ప్రభుత్వ లాంఛనాలతో పున్నమి వెలుగులో సీతారాముల కల్యాణం జరుగుతున్నప్పటినుంచి సీమ బృందాలకు దగ్గరలోనే ఒక పెద్ద వేదిక దొరికింది.

దళాలు పెరిగాయి, గురువులు పెరగలేదు. ఆ ఖాళీని ఫోన్ నింపుతోంది. గురువు నెలకోసారి వచ్చి ఒక అడుగు చూపించి పోతే, మిగతా రోజులు వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి సాధన. పాట రాసిన కాగితం ఫొటో తీసి గ్రూపులో పెడతారు. బాణీ గుర్తుండటానికి ఆడియో ముక్క. దీన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. గురువు దొరకని ఊరికి వీడియోనే గురువు.

అయితే వీడియో చూసి నేర్చుకునేటప్పుడు మొదటి చిక్కు కాలి దగ్గరే వస్తుంది. గురువు కెమెరాకు ఎదురుగా నిలబడి ఎడమకాలు వేస్తే తెరమీద అది మన కుడివైపు కనపడుతుంది. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు బొమ్మను తిప్పేస్తాయి, కొన్ని తిప్పవు. వీడియో చూసి నేర్చిన దళం, గురువు దగ్గర నేర్చిన దళం ఒకే తిరునాళ్లలో కలిస్తే ఒకరు ప్రదక్షిణంగా, ఒకరు అప్రదక్షిణంగా తిరగడం ఖాయం. పైగా తీసేవాళ్ల దృష్టి ముఖాల మీద ఉంటుంది. పాదాలు చట్రం కిందనుంచి జారిపోతాయి. జడకోలాటం పరిస్థితి ఇంకా కష్టం. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఒకరి కిందనుంచి ఒకరు దాటుతూ జడ అల్లుతారు. అల్లడం వీడియోలో ముద్దుగానే ఉంటుంది. విప్పడమే విద్య. విప్పేటప్పుడు ఎవరు ముందు వెనక్కి తిరగాలో చెప్పే గురువు మాట వినపడకపోతే, తాళ్లు చిక్కుపడి ఆట ఆగిపోతుంది.

రెండో చిక్కు పాట. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి ఆడే దళాలు ఎక్కువయ్యాయి. హార్మోనియం వాయించేవాళ్లు, డోలక్ వాయించేవాళ్లు దొరకరు, దొరికినా ఖర్చు. కానీ రికార్డు పాట ఎవరికోసమూ ఆగదు. ఒకరి కాలు తడబడితే గురువు పాదాన్ని మళ్లీ అందుకునే వీలు పోయింది. ఆయన పని సౌండ్ బాక్సు మీట నొక్కడానికి తగ్గిపోయింది. సినిమా బాణీలో దేవుడి పాట కట్టడం కొత్తేమీ కాదు, తప్పూ కాదు. కాకపోతే సినిమా ట్రాకునే వాడి వీడియో ఎక్కిస్తే హక్కుల పేచీ వచ్చి యూట్యూబ్ శబ్దాన్ని ఆపేయవచ్చు, కొన్నిసార్లు వీడియోనే తీసేయవచ్చు. సొంత గొంతుతో పాడితే ఆ బెడద తక్కువ.

ఒక మనిషి మాట మీద నడిచే ఆట మనదొక్కటే కాదు. అమెరికాలో కాంట్రా అని ఒక జానపద నృత్యం ఉంది. ఈశాన్యాన న్యూఇంగ్లండ్ ప్రాంతంలో బాగా నిలిచింది. ఎదురెదురుగా రెండు బారులు, ఒకరికొకరు జత, ఒక్కో ఆవృతం కాగానే జతలు ఒక చోటు జరిగి కొత్త జతను కలుస్తాయి. మన కోలాటం చూసినవాళ్లకు ఇది వింతేమీ అనిపించదు. అక్కడా వేదికమీద ఒక మనిషి నిలబడి అడుగులు పిలుస్తాడు. మామూలుగా పాట 64 దెబ్బలు, ఒక్కో కదలిక 8 దెబ్బలో 16 దెబ్బలో. పిలుపు దెబ్బకు ముందే ముగియాలన్నది అక్కడా మొదటి పాఠమే. నాలుగైదు ఆవృతాలు కాగానే ఆటగాళ్లకు అడుగులు పట్టుబడతాయి, ఆయన మాటలు తగ్గించి చివరికి ఊరుకుంటాడు.

తేడా ఎక్కడంటే, వాళ్లు రాసుకున్నారు. కాంట్రాకు మూలమైన ఇంగ్లీషు నృత్యాల మీద 1651లోనే లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ నూరు పైచిలుకు ఆటల అడుగులు, బాణీలతో పుస్తకం అచ్చేశాడు. నేడు పిలిచేవాళ్లు ఒక్కో ఆటను ఒక్కో చిన్న కార్డుమీద నాలుగు వరుసల్లో రాసుకుంటారు. ఆ కార్డులే పెరిగి ఇంటర్నెట్‌లో 'కాలర్స్ బాక్స్' లాంటి భాండాగారాలయ్యాయి. ఆట పేరు, కట్టినవారి పేరు, ఏ కదలిక ఎన్ని దెబ్బలు, ఎక్కడ జత మారాలి అన్నీ వెతికితే దొరుకుతాయి. న్యూహాంప్‌షైర్‌లో రాల్ఫ్ పేజ్ అనే పేరుమోసిన పిలుపుగాడు 1985లో పోతే, ఆయన పోగేసిన సామగ్రిని అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయం భద్రపరిచింది. వాళ్ల ఆట మన ఆటకంటే గొప్పదని కాదు. పిలిచేవాడి పనిని ఒక విద్యగా గుర్తించారు, అంతే.

మనకూ రాత లేకపోలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' తెలుగు విశ్వవిద్యాలయం 1992లో వేసిన పెద్ద గ్రంథం. అది వికీసోర్స్‌లో అందరికీ అందుబాటులో ఉంది. కళ చరిత్ర, వేషం, వాయిద్యం తెలుస్తాయి. రేపు సాయంత్రం ఇరవైమందిని నిలబెట్టి మొదటి అడుగు ఎట్లా చెప్పాలో తెలియదు. ఆ పని ఆ పుస్తకానిది కాదు. అది చెప్పాల్సిన రెండో పుస్తకం ఇంకా గురువుల నోటు పుస్తకాల్లోనే ఉంది. అట్టలు చిరిగిన బడిపుస్తకాల్లో పాటలు నిండుగా ఉంటాయి. పాట పక్కన అడుగు మాత్రం చాలావాటిలో రాయరు. 'మామూలు', 'పాతది' అని ఒక ముక్క ఉంటుంది. ఆ 'పాతది' ఏమిటో తెలిసిన మనిషి పోతే ముక్క మిగులుతుంది, అర్థం మిగలదు.

ఈ నేలకు ఇది కొత్త అనుభవం కాదు. రాజంపేట పక్కన తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదికి ఎక్కి తిరుమల కొండమీద శతాబ్దాలపాటు భద్రంగా ఉన్నాయి. మాట ఉంది, రాగం పేరు ఉంది. ఎట్లా పాడేవారో ఆ రేకులు చెప్పవు. అందుకే ఇవాళ మనం వినే బాణీల్లో చాలావరకు ఈ కాలపు విద్వాంసులు కట్టినవే. మన వీడియోలది దానికి తిరగబడిన కథ. ఆట కనిపిస్తుంది. ఏ ఊరిది, ఏ గురువుది, ఏ దరువు, ఆ కదలికను ఏమంటారు? కింద రాసి ఉండదు. 'సూపర్ కోలాటం' అని మాత్రం ఉంటుంది.

ఇదే కడపకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌన్, పండితులను జీతానికి పెట్టుకుని ఒకే కావ్యానికి పలు ఊళ్ల ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. 1829లో ఆయన కూర్చిన వేమన పద్యాలు అచ్చయ్యాయి. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. తాళపత్రాలకు చేసిన పనిని అడుగులకు చేస్తే? ఒకే పాటకు ఆళ్లగడ్డ అడుగు, పులివెందుల అడుగు, ఎమ్మిగనూరు అడుగు పక్కపక్కన పెట్టి, తేడాలు రాసి ఒకచోట ఉంచితే? ఏది అసలుదని తేల్చనక్కర్లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద రేనాటి జనం కట్టుకున్న పాటలు సేకరించినవాళ్లున్నారు. ఆ పాటలకు కాలు ఎట్లా వేసేవారో రాసుకున్నవాళ్లు కనపడరు.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. మీ ఊళ్లో భజన గురువు ఉంటే వచ్చే శ్రీరామనవమి సాధన మొదలయ్యేలోపు ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చోండి. ఫోన్ ఒకటి మిద్దెమీద పెట్టి వలయమంతా పైనుంచి తీయండి, ఇంకొకటి మోకాళ్ల ఎత్తున పాదాలకు గురిపెట్టండి. గురువు వెనకనుంచి తీయండి, అప్పుడు ఎడమ ఎడమగానే ఉంటుంది. ఆయన గొంతు వేరేగా, జేబులో మైకు పెట్టి రికార్డు చేయండి. సౌండ్ బాక్సు ఆపేయండి. ముందు మెల్లగా అడుగు అడుగు చెప్పించండి, తర్వాత మామూలు వేగంలో ఆడించండి. ఊరి పేరు, ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు, ఆయనకు నేర్పిన గురువు పేరు, దరువు, ప్రతి కదలికకు ఆ ఊళ్లో అనే మాట కింద తెలుగులో రాయండి. ఆయన పాటల నోటు పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసి, ఆయనకు ఒక జిరాక్సు ఇచ్చి, పుస్తకం ఆయన దగ్గరే ఉంచండి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఆయన మాట మీద వేరే పాట అతికించకండి.