పెరటిలో గదియా? మేడమీద గదియా?

హైదరాబాదు శివారు కాలనీలలో సాయంకాలము షికారునకు బయలుదేరిన వారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. ఇల్లు కట్టి ఇరువది సంవత్సరములైనది. గోడలకు రంగులు వేసిరి. వాకిట ముగ్గు పెట్టిరి. కాని డాబామీద మూలమూలల నుండి ఇనుప చువ్వలు ఆకాశమువైపు నిక్కి నిలిచియుండును. కొందరు వానికి బట్టలారవేయు తీగలు కట్టుదురు. మరికొందరు పిల్లలకు గ్రుచ్చుకొనకుండ ఖాళీ సీసాలు బోర్లింతురు. ఆ చువ్వలు ఆ గృహస్థు మనస్సులోని సంకల్పమునకు గుర్తులు. "ఇప్పటికి ఇంతే, పిల్లలు పెద్దవారైన తరువాత పైన మరొక అంతస్తు వేయుదము" అని ఆయన గృహప్రవేశమునాడే చెప్పియుండును.

ఆ రోజు రానే వచ్చును. కుమారునకు పెండ్లి కుదురును. లేదా పల్లెలో ఒంటరియైన తల్లిని తెచ్చుకొనవలసి వచ్చును. లేదా ఉద్యోగ విరమణ తరువాత అద్దె వచ్చు పోర్షను ఒకటి ఉన్న బాగుండునని తోచును. అప్పుడు అందరును మొట్టమొదట వేయు ప్రశ్న "చదరపు అడుగునకు ఎంత పడును?" అని. ఆ ప్రశ్న అవసరమే కాని, అది మొదటిది కారాదని నా అభిప్రాయము. ఆ గదిలో ఉండబోవునది ఎవరు, ఆ బరువును మోయబోవునది ఏది అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినగాని ఖర్చు మాట తేలదు. ఈ సంగతి నేను గ్రంథములవలన తెలిసికొనలేదు. కొన్నియేండ్ల క్రిందట మా తల్లిగారిని మా ఊరినుండి తీసికొనివచ్చినప్పుడు అనుభవమువలన తెలిసికొంటిని.

మాది రెండువందల గజముల స్థలము. ముప్పది అడుగుల వెడల్పు, అరువది అడుగుల పొడవు. మా డాబామీదను చువ్వలున్నవి. కనుక పైన గది వేయుట నిశ్చయమే అనుకొంటిమి. పరీక్షించుటకు వచ్చిన ఇంజనీరు పైకి ఎక్కక ముందు పెరటిలోనికి పోయి, గోడప్రక్క గొయ్యి త్రవ్వించెను. "చువ్వలు మీ కోరికను చెప్పును, పునాది మీ శక్తిని చెప్పును" అని ఆయన నవ్వెను.

గది బరువెంతయో మనము సాధారణముగా ఊహింపము. పన్నెండు అడుగుల వెడల్పు, పదునాలుగు అడుగుల పొడవు గల ఒక గదిని తీసికొందము. తొమ్మిది అంగుళముల ఇటుక గోడ పది అడుగుల ఎత్తున కట్టినచో, మీటరు పొడవునకు సుమారు 1.4 టన్నులు తూగును. నాలుగు గోడల పొడవు దాదాపు 16 మీటర్లు. అనగా 22 టన్నులు. అయిదంగుళముల శ్లాబు మరియొక 5 టన్నులు. కిటికీలకును ద్వారములకును కొంత తీసివేసినను పాతిక టన్నులకు తగ్గదు. దానిపై వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టినచో ఇంకొక టన్ను. మంచము, బీరువా, మనుష్యులు వేరు. ఒక్క అంతస్తునకు చాలునట్లు వేసిన పునాదిమీద ఈ భారము పడినచో ఇల్లు ఒక్కసారి కూలకపోవచ్చును. కాని గోడలు పగుళ్లు విచ్చును, తలుపులు బిగిసిపోవును.

బరువు తగ్గించుకొను మార్గములు లేకపోలేదు. గోడను నాలుగున్నర అంగుళములకు తగ్గించినచో గోడల బరువు సగమగును. గాలి బుడగలతో తయారగు ఏఏసీ దిమ్మెలు మామూలు ఇటుకలో మూడవ వంతు బరువుండును. ఏది చేసినను పునాదిని చూచి చేయవలెను గాని, మేస్త్రి ధైర్యమును చూచి కాదు. మన మేస్త్రులు పనిలో నేర్పరులు. ధైర్యము చెప్పుటలో ఇంకను నేర్పరులు.

చువ్వల సంగతియు ఒక మాట. క్రొత్త చువ్వను పాత చువ్వతో కలుపునప్పుడు రెండును కొంత పొడవు ఒకదాని ప్రక్క ఒకటి సాగవలెను. 16 మిల్లీమీటర్ల చువ్వకు ఆ పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. అనేకుల ఇండ్లపై మిగిలియున్నది అడుగో, అడుగున్నరయో మాత్రమే. అదియును ఏండ్లతరబడి వానలకు తడిసి, తుప్పు పొరలు పొరలుగా లేచియుండును. చువ్వలు విడిచిపెట్టదలచిన వారు వానిని సిమెంటుతో కప్పియుంచినచో తమ సంకల్పమును కాపాడుకొనినవారగుదురు. స్తంభములు లేక గోడలమీదనే నిలిచిన పాత ఇండ్లలో ఈ ప్రశ్నయే లేదు. అచ్చట గోడయు, దాని క్రింది రాతి కట్టుబడియు పరీక్షింపవలసినవి.

మా పునాది అంతంత మాత్రముగనే తేలెను. ఏఏసీ దిమ్మెలతో తేలికగా ఒక గది వేయవచ్చునని ఇంజనీరు చెప్పెను. మేము సంతోషించుచుండగా, వాకిట కూర్చున్న మా తల్లిగారు, "ఎవరికిరా ఆ గది?" అని అడిగిరి. "నీకేనమ్మా" అంటిని. "పదునెనిమిది మెట్లెక్కి నేను పైకి పోయినచో, మరల నన్ను క్రిందికి దింపువారెవరు?" అనిరి. ఆమెకు డెబ్బది నాలుగేండ్లు, మోకాళ్ల నొప్పులు. నెల దినములుగా మేము శ్లాబును గురించి, సిమెంటును గురించి మాటలాడుకొనుచుంటిమే కాని మెట్లను గురించి ఒక్కరమును తలపలేదు.

అంతట దృష్టి పెరటిమీదికి మరలినది. పెరటిలో గది కట్టుట సులభమని తోచును, కాని అచ్చట చిక్కులు వేరు. మొదటిది చట్టము. ఇంటి చుట్టును విడువవలసిన ఖాళీ స్థలము మనది అయినను, దానిపై కట్టుబడికి మనకు హక్కు లేదు. గాలి, వెలుతురు, అగ్నిప్రమాదమున సహాయమునకు దారి, ఈ మూడింటికై నిబంధనలు దానిని విడిపించినవి. తెలంగాణలో 2020 లో వచ్చిన చట్టము చిన్న గృహస్థులకు అనుమతిని సులభము చేసినది. 75 గజముల వరకు గల స్థలములో 7 మీటర్ల ఎత్తునకు మించని ఇంటికి నమోదు చాలునన్నది. 500 చదరపు మీటర్ల వరకు గల స్థలములో 10 మీటర్ల ఎత్తు లోపల కట్టువారు స్వయముగా ధ్రువీకరించినచో వెంటనే అనుమతి నిచ్చునట్లు చేసినది. ఈ సౌకర్యమును చూచి కొందరు పొరబడుదురు. మన మాటను నమ్మి అనుమతి నిచ్చినారు గనుక, ఆ మాట తప్పైనచో నోటీసు లేకయే కూల్చుటకు ఆ చట్టమే వీలు కల్పించినది. ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరణ వచ్చునని, 2007 లో వచ్చినట్లు, 2015 లో వచ్చినట్లు మరల వచ్చునని, దానిమీద ఆశపెట్టుకొని గోడ లేపువారు కలరు. ముసలితల్లిని పడుకొనబెట్టవలసిన గదికి అటువంటి పునాది తగదు.

ఈ విషయమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఎదురు దారిని నడచినది. అచ్చట ఇండ్ల కొరత మిక్కుటముకాగా, పెరటిలో చిన్న ఇల్లు కట్టుకొనుటను నగరములు అడ్డగింపరాదని రాష్ట్రమే శాసించినది. 2020 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ శాసనముల ప్రకారము, ప్రక్కను వెనుకను నాలుగేసి అడుగులు విడిచినచో 800 చదరపు అడుగుల వరకు పెరటి ఇంటిని నగరము కాదనరాదు. ఇల్లున్న స్థలములో కట్టుటకు సమగ్రముగా దరఖాస్తు ఇచ్చిన 60 దినములలో నిర్ణయము చెప్పవలెను. ఈ చిన్న ఇండ్లకు అచ్చటివారు వాడుకలో పెట్టిన పేర్లలో 'అత్తగారి వాటా' యను అర్థము వచ్చునది ఒకటి కలదు. శాన్‌హోసే, ఫ్రీమాంట్ ప్రాంతములలో మన తెలుగువారు వేలకొలది ఉన్నారు గనుక, ఆరు నెలలకు పోయివచ్చు మన పెద్దలలో కొందరు ఈ పెరటి ఇండ్లను చూచియే యుందురు. అయితే అచ్చటి స్థలములు సామాన్యముగా మన రెండువందల గజములకు రెండు మూడు రెట్లు. ఆ నమూనాను చూచివచ్చి ఇచ్చట అట్లే కట్టుదమనిన కుదరదు.

మా పెరటిలో వెనుక పదునాలుగు అడుగులుండెను. విడువవలసినది విడువగా సుమారు పది అడుగులు మిగిలెను. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ సంహిత నివాసపు గది కనీసము 9.5 చదరపు మీటర్లుండవలెననియు, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గరాదనియు చెప్పుచున్నది. ఆ కొలతకు మా స్థలము సరిపోయినది. కాని గీతలు గీయగానే మరొక సంగతి బయటపడెను: క్రొత్త గది గోడ వచ్చునది సరిగా మా వంటయింటి కిటికీకి ఎదురుగా! వేడిపొడి ప్రదేశములలో గది వైశాల్యములో పదవ వంతయినను కిటికీలుండవలెనని అదే సంహిత యనును. క్రొత్త గదికి ఆ వెలుతురునిచ్చుటకై పాత గది వెలుతురును తీసివైచుట మన కాలనీలలో నిత్యము జరుగు పొరపాటు. ఇంటి నడుమ గదులలో పట్టపగలు దీపము వెలిగించుకొని కూరలు తరుగుకొను గృహిణులు ఎందరో కలరు. ఆ ఇండ్లలో వెనుకకు పెంచిన గది ఒకటి తప్పక యుండును. మేము గదిని ఒక మూలకు జరిపి కిటికీని దక్కించుకొంటిమి. అందుకు కరివేపాకు చెట్టు పోయినది.

తరువాతి చిక్కు భూమిలోపలిది. శివారు ఇండ్లలో సెప్టిక్ ట్యాంకు పెరటిలోనే యుండును. దాని మూతలపై గది కట్టినచో శుభ్రము చేయు దారి మూసికొనిపోవును. అంచున పునాది తీసినచో దాని గోడ బలహీనపడును. అది ఎచ్చట నున్నదో ఇల్లు కట్టినవారికి తప్ప ఎవరికిని జ్ఞాపకముండదు. గడ్డపారతో వెదకి తెలిసికొనవలసినదే. నేల స్వభావమును ముఖ్యమే. హైదరాబాదులో పలుచోట్ల మొరమో, రాయియో కొద్ది లోతుననే తగులును. గుంటూరు, కృష్ణా ప్రాంతముల నల్లరేగడి అట్టిది కాదు; వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని పగులును. అటువంటి నేలలకై రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ, అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బెత్తుగానుండు కాంక్రీటు స్తంభముల పునాదిని పెంపొందించినది. ఒక్క గదికి అంత హంగామా ఎందుకనుకొని రెండడుగుల లోతు పునాది వేసినవారు రెండు వేసవులు గడచునప్పటికి గోడలు చూచుకొని చింతింతురు.

వాననీటిని మరువరాదు. నూట ముప్పది చదరపు అడుగుల కప్పుమీద హైదరాబాదు వానకు ఏటా తొమ్మిది పదివేల లీటర్ల నీరు పడును. నిన్నటివరకు ఆ నీరు పెరటి మట్టిలో ఇంకెడిది. ఇక ప్రక్కయింటి గోడను తడుపును. గొట్టము పెట్టి ఇంకుడుగుంతకు మరల్చినచో పొరుగువారితో స్నేహము నిలుచును.

పెద్దలకై కట్టు గదిలో అన్నిటికంటె విలువైనది నేల మట్టము. చక్రాల కుర్చీ ఎక్కదగిన వాలు అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవుండవలెను. ఇంటి అరుగు అడుగున్నర ఎత్తున్నచో వాలు పదునెనిమిది అడుగులు సాగును. పెరటిలో వేరుగా కట్టిన గదికి అంత వాలు పెట్టినచో గదికి చోటు మిగులదు. కనుక మేము క్రొత్త గది నేలను పాత ఇంటి నేలతో సమముగా చేసి, హాలులోనుండియే ద్వారము పెట్టితిమి. ద్వారము మూడడుగుల వెడల్పు. స్నానాలగది తలుపు బయటికి తెరచుకొనును. లోపల పడిపోయిన మనిషి లోనికి తెరచుకొను తలుపునకు అడ్డుపడును గదా. గోడకు పట్టుకొనుటకు కడ్డీలు బిగించితిమి. గడప దగ్గర మాత్రము వాదము వచ్చెను. గడప లేని గది గది కాదని మా తల్లిగారు పట్టుపట్టిరి. గడప ఉన్నచో కాలు తట్టుకొనునని వైద్యుడు. తుదకు నేలకు సమముగా ఒక కొయ్య పట్టీని పొదిగించితిమి. ఆమె దానికే పసుపు రాసి బొట్టు పెట్టిరి.

ఒక్కచోట మాత్రము నేను ఏమరితిని. పాత గోడ ఏండ్లక్రితమే తన స్థానమున కుదురుకొని నిలిచినది. క్రొత్త గోడ ఇంకను కొంత క్రుంగును. రెంటినడుమ అంగుళము సందు విడిచి, మెత్తని పదార్థముతో నింపవలెను. ఇంజనీరు ఆ మాట చెప్పియుండెను. నేను పనిమీద ఊరికి పోయిన రెండు దినములలో మేస్త్రి, గట్టిగానుండునని తలచి, పాత గోడలో అచ్చటచ్చట ఇటుకలు తొలిచి క్రొత్త ఇటుకలను అందులో దూర్చి కట్టివేసెను. వచ్చిచూచి కూల్పించుటకు మనసొప్పలేదు. మొదటి వానాకాలము వెళ్లునప్పటికి కప్పునుండి నేలవరకు వెంట్రుకంత పగులు ఆ కలయిక వెంబడి వచ్చినది. ఇంజనీరు చూచి, భయము లేదు గాని పూసినను మరల వచ్చుననెను. రెండుసార్లు పూయించితిమి, రెండుసార్లును వచ్చినది. ఇప్పుడు మా తల్లిగారు అక్కడ పంచాంగపు క్యాలెండరు తగిలించుకొనిరి.