వాడిన నీరెచటికి పోవును?

మంచినీటిని గూర్చి మన యిండ్లలో జరుగు చర్చకు మితి లేదు. కుళాయి యెప్పుడు వచ్చును, బిందె లెన్ని నిండినవి, కాచితిమా, వడకట్టితిమా యని దినమునకు పదిమారులు విచారింతుము. ఆ నీరే వంటయింటి తూమున దిగిపోయిన పిమ్మట దాని గతి యేమని విచారించువారు మాత్రము అరుదు. కంటికి గానరానిది లేనిదని తలచుట తగదు.

హైదరాబాదునకు నైరృతిదిశను, హిమాయతుసాగరమునకు సమీపముననున్న బుద్వేలునే యుదాహరణముగా దీసికొందము. 1908 సెప్టెంబరులో మూసీవరద నగరమును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి మూసీపై 1920లో ఉస్మానుసాగరము, ఈసీనదిపై 1927లో హిమాయతుసాగరము వెలసినవి. నగరమునకు మురుగుకాల్వల పథకమునుగూడ వారే సిద్ధపఱచిరి. వచ్చు నీటికివలెనే పోవు నీటికిని దారి చూపవలెనని ఆ మహనీయు డెఱుగును.

2023 ఆగస్టులో బుద్వేలునందలి సుమారు 100 ఎకరముల ప్రభుత్వభూమి వేలమున 3,600 కోట్ల రూపాయలకు పైగా పలికినది. అట్టి భూమిపై మేడలు లేచుట నిశ్చయము. పట్టణమున మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు వలయునని ప్రభుత్వపు లెక్క. అందు నూటికి ఎనుబదిపాళ్లు మురుగై వెడలును. నలుగురేసి గల వేయి కుటుంబములు వచ్చి చేరినచో దినమునకు నాలుగు లక్షల లీటర్లకు మించిన మురుగు బయలుదేరును.

శుద్ధి చేయక విడిచినచో అది పల్లమునకే పాఱును. ఈసీ బాపూఘాట్ కడ మూసీలో గలియును. 1948లో గాంధీమహాత్ముని యస్థికలను నిమజ్జనము చేసిన సంగమ మదియే. దిగువపల్లెలలో మూసీనీటితో వరి, పశుగ్రాసము, ఆకుకూరలు పండించుచున్నారు. వాడపల్లికడ మూసీ కృష్ణలో జేరును. కృష్ణ హంసలదీవికడ సముద్రమున గలియును. మన తూమునకును సముద్రతీరపు బెస్తవారి వలకును నడుమ అడ్డుగోడ లేదు.

శుద్ధి యనునది మంత్రము కాదు. తొలుత ఇనుపజల్లెడలు గుడ్డలను, ప్లాస్టికును ఆపును. నీటి వేగము తగ్గించిన తొట్లలో ఇసుక అడుగున దిగును. తరువాత నీటిలోనికి గాలి నూదుదురు. ఆ గాలిచే బ్రతుకు కోట్లకొలది సూక్ష్మజీవులు నీట కరగిన మాలిన్యమును ఆహారముగా గ్రహించి, ముద్దలుగా గూడి అడుగునకు దిగును. పైనున్న తేటను వేరుచేసి, క్రిములను చంపు మందు కలిపి విడుతురు. 1914లో ఇంగ్లండునందలి మాంచెస్టరున ఆర్డెర్న్, లాకెట్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్గమును లోకమునకు వెల్లడించిరి. పాలకు తోడు వేసినట్లు, దిగిన మడ్డిలో కొంత క్రొత్త మురుగునకు జేర్చుటయే యిందలి కిటుకు.

హైదరాబాదున అంబరుపేట కేంద్రమునకు దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధిచేయు శక్తితో కట్టడము జరిగినది. 2021లో మరి 31 కేంద్రములను ప్రభుత్వము తలపెట్టినది. అయినను ఇంటివారి సహాయము లేక యంత్రములు గెలువజాలవు. వేపుడునూనె తూమున బోసినచో గొట్టముల గోడల నంటుకొని గడ్డకట్టును. ఆమ్లములను, ఘాటైన మందులను మితిమీరి పోసినచో మేలుచేయు సూక్ష్మజీవులే చచ్చును. గుడ్డపీలికలు జల్లెడలను మూయును. కావున నూనెను కాగితముతో తుడిచి చెత్తలో వేయుడు. మెతుకులను జాలితో నాపుడు. గుడ్డలను కాలువ చేరనీయకుడు.

పెద్దమేడలలో శుద్ధియంత్రము ఆవరణయందే యుండును. విద్యుత్తు ఖర్చునకు వెఱచి గాలియంత్రమును గంటలకొలది ఆపినచో, ఊపిరాడక జీవులు నశించి నీరు కుళ్లును. ఇల్లు కొనునపుడు గదులనువలె దీనినిగూడ అడిగి చూడుడు. నివాసులసంఘము కూడినపుడు యంత్రము ఎడతెగక నడచుచున్నదా, శుద్ధమైన నీరు తోటకును మరుగుదొడ్లకును మరల వచ్చుచున్నదా యని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్న పురుషులదే యనుకొనరాదు. ఇంట నీటిని వాడుటలో పెద్దపాలు మన చేతిమీదుగనే జరుగుచున్నది.

నీటియందు మలమూత్రములు, ఉమ్మి విడువరాదని మనుస్మృతి నాలుగవ యధ్యాయము నిషేధించుచున్నది. నదికి హారతి యిచ్చు చేతులతోనే నదికి మురుగు పంపుట ఏపాటి భక్తి? గడప కడిగి ముగ్గు పెట్టు శ్రద్ధలో కొంత తూమునకు గూడ పంచుదము. దిగువనున్న తల్లులుగూడ ఆ నీటి కడనే బిడ్డలను పెంచుకొనుచున్నారు.