వంశధార ఎగువన ఎర్రమట్టి

గుణుపురం మీదుగా వచ్చే వంశధార నీరే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి కాలువల్లోకి మళ్లి శ్రీకాకుళం జిల్లా పొలాలను తడుపుతోంది. ఆ నదికి ఎగువన, కలహండి జిల్లా లాంజిగఢ్‌లో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. దాని వ్యర్థం నిల్వ చేసే ఎర్రమట్టి చెరువు ఉన్నది నదికి దగ్గరలోనే. నియమగిరిపై తవ్వకాలు వద్దని 2013లో 12 గ్రామసభలు తేల్చి చెప్పాయి. కొండ గొడవ దేశమంతా విన్నది. చెరువు సంగతే పెద్దగా చర్చకు రాలేదు. కర్మాగారం మాత్రం బయటి బాక్సైట్‌తో నడుస్తూనే ఉంది.

మట్టే కానీ మట్టి కాదు

బాక్సైట్‌ను పొడి చేసి వేడి కాస్టిక్ సోడాలో కలిపితే అల్యూమినా కరుగుతుంది. కరగని ఇనుము, టైటానియం వగైరా మిగిలిపోతాయి. ఆ ఎరుపు ఇనుముదే. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర దాకా ఈ వ్యర్థం పోగుపడుతుంది. ఎంత కడిగినా సోడా పూర్తిగా వదలదు. అది చేలోకి చేరితే నేల చౌడుబారి గట్టిపడుతుంది, నీరు ఇంకదు. ఏట్లోకి చేరితే చేపల మొప్పలు దెబ్బతింటాయి. ఎండాకాలం పైపొర ఎండి దుమ్మై లేస్తుంది. కళ్లు మండుతాయి.

గట్టు తెగితే?

హంగరీలోని అయికాలో 2010 అక్టోబరు 4న ఇలాంటి చెరువు గట్టే తెగింది. పది మంది చనిపోయారు. ఒళ్లు కాలి ఆసుపత్రి పాలైన వారు చాలామంది. మార్కల్ నదిలో జీవమే లేకుండా పోయింది. అంతదూరం ఎందుకు, జార్ఖండ్‌లోని మురిలో 2019 ఏప్రిల్‌లో ఎర్రమట్టి గుట్ట కూలింది. లాంజిగఢ్‌లోనూ 2011 ఏప్రిల్, మే నెలల్లో వానలకు చెరువు నుంచి వ్యర్థం బయటికొచ్చిందని స్థానికులు చెప్పారు. అమ్నెస్టీ ఇంటర్నేషనల్ అప్పట్లో ఆ విషయాన్ని బయటపెట్టింది.

దారి లేకపోలేదు

వ్యర్థాన్ని పల్చగా చెరువులోకి వదలకుండా, ఫిల్టర్లలో నీరు పిండి పొడిగా పేర్చే పద్ధతి ఉంది. పిండిన సోడా నీరు మళ్లీ కర్మాగారానికే పనికొస్తుంది. ఖర్చు ఎక్కువే, అయినా గట్టుపై భారం తగ్గుతుంది. సిమెంటు తయారీలో కొంత వాడొచ్చు. వచ్చే రాశితో పోలిస్తే అది గోరంత. పాత చెరువులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దానికి కాపలా ఏళ్ల తరబడి తప్పదు.

ఏటి నీరు ఎర్రబడితే వరదమట్టి అని సరిపెట్టుకోవడం సహజం. వానాకాలంలో వంశధార ఎర్రగానే పారుతుంది. కనుక రంగు చూస్తే తెలియదు. నీరు సబ్బునీళ్లలా జారుడుగా ఉందా, ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారిందా చూడాలి. అనుమానం వస్తే ఆ నీటిని తాగొద్దు, పశువులకు పెట్టొద్దు. శుభ్రమైన సీసాలో నమూనా పట్టి, తేదీ, రేవు పేరు రాసి, ఆ రోజే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే నీరు దిగువకు పోతుంది, రుజువూ దాంతోనే పోతుంది.