పదిళ్ల పువ్వులు... ఒక్క దుప్పటి!

ఒకరు పువ్వు అల్లుతారు. మరొకరు ఆకు అల్లుతారు. పక్క వీధిలో ఇంకొకరు వాటిని అతుకుతారు. గోదావరి డెల్టాలో లేసు దుప్పటి ఒక్క ఇంట్లో తయారవదు, పదిళ్లు కలిస్తేనే పూర్తవుతుంది. అందుకే అక్కడ మొదలుపెట్టడం కన్నా ముగించడమే పెద్ద విద్య!

మధ్యాహ్నం రెండు దాటింది. వంటిల్లు సర్దడం అయింది. పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా టైముంది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో లేసు సూదులు బయటికొచ్చే వేళ ఇది. కబుర్లు కబుర్లే, అల్లిక అల్లికే. కళ్లు వీధి వైపున్నా వేళ్లు మాత్రం లెక్క తప్పవు. వశిష్ఠ దాటి అవతలి గట్టుకెళ్లినా అంతే... సఖినేటిపల్లి, రాజోలు, అమలాపురం వైపు కూడా ఈ పని తెలిసిన చేతులకు కొదవలేదు.

ఈ అల్లిక మన దగ్గర పుట్టింది కాదు. 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి తీరంలోని ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి మూడేళ్ల ముందన్నమాట. నేర్పినవాళ్లు వెళ్లిపోయారు, పని మాత్రం ఇక్కడే ఉండిపోయింది. తల్లి పక్కన కూర్చుని కూతురు, అత్త పక్కన కూర్చుని కోడలు నేర్చుకున్నారు. టేబుల్‌ క్లాత్‌లు, దిండు గలీబులు, కుషన్‌ కవర్లు, దుప్పట్లు... ఓడలెక్కి యూరప్‌, అమెరికా ఇళ్లకు చేరాయి.

లెక్క చూస్తే గుండె గుభేల్‌!
లేసు దుప్పటి అంటే ఎంత పనో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. నాలుగంగుళాల పువ్వులతో 80 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవున్న దుప్పటి అల్లాలనుకుందాం. అడ్డంగా 20, నిలువుగా 25... మొత్తం 500 పువ్వులు కావాలి. ఇంటి పని చూసుకుంటూ రోజుకు రెండు అల్లితే 250 రోజులు. అంటే ఎనిమిది నెలల పైమాటే. మధ్యలో పండగలూ పెళ్లిళ్లూ కోతలూ జ్వరాలూ ఉండనే ఉన్నాయి. అదే పని పదిమంది పంచుకుంటే? పాతిక రోజుల్లో పువ్వులన్నీ సిద్ధం!

పని పంచుకోవడం వెనకున్న రహస్యం ఇదే. దారం ఏజెంటు దగ్గర్నుంచి వస్తుంది. దాంతో పాటే ఓ నమూనా పువ్వు. దానికి పుస్తకం ఉండదు, పటం ఉండదు. నమూనాను వెలుతురుకు పట్టి చూస్తే చాలు, మధ్య రింగులో ఎన్ని గొలుసులున్నాయో, రెక్కకు ఎన్ని గళ్లు పోయాయో అనుభవమున్నవాళ్లు చెప్పేస్తారు. అర్థం కాకపోతే పక్కింటావిడ ఉంది. ‘వదినా, ఈ మలుపెలా తిప్పావు?’ అని అడిగితే తను అల్లింది చూపిస్తుంది. అలా ఓ డిజైను ఇల్లిల్లూ తిరుగుతుంది.

అతుకులోనే అంతా...
పువ్వులన్నీ ఓ చోటికి చేరాక మొదలవుతుంది అసలు కథ. దాన్ని అతుకు పని అంటారు. పది చేతులంటే పది రకాల బిగువు. ఒకరు దారం బిగించి లాగుతారు, మరొకరు వదులుగా వదిలేస్తారు. సూది ఒకటే, దారం ఒకటే, గళ్ల లెక్కా ఒకటే. అయినా పువ్వు కొలత మారిపోతుంది. తేడా అంగుళంలో ఎనిమిదో వంతే కదా అనుకుంటాం. కానీ 20 పువ్వుల వరుసలో అది రెండున్నర అంగుళాలవుతుంది. ఓ వరుస పొట్టిగా, దాని పక్కది పొడుగ్గా ఉంటే దుప్పటి మంచం మీద ముడుచుకుపోతుంది.

అందుకే అతికేవాళ్లు ముందు పువ్వుల్ని పరిచి చూస్తారు. బిగువైనవీ వదులైనవీ విడదీసి, అన్ని వరుసల్లోనూ కలిసేలా సర్దుతారు. అప్పుడు తేడాలు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ఇంకో తలనొప్పి దారపు కొసలు. పువ్వుకు మొదటొకటి, చివరొకటి... 500 పువ్వులకు వెయ్యి కొసలు! ప్రతిదాన్నీ అల్లికలోకి దోపి దాచాలి. తొందరపడి కత్తిరిస్తే నాలుగు ఉతుకుల్లో పువ్వు విడిపోతుంది.

మనకూ ఉందో బొంత
ముక్కలు కలిపి దుప్పటి చేయడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. పాత నేతచీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతలో వెచ్చగా పడుకోని బాల్యం పాత తరంలో తక్కువే. నప్పని వాటిని కలిపితే ‘అతుకుల బొంత’ అని వెక్కిరిస్తాం కానీ, అమ్మమ్మ చీర, అత్తయ్య చీర ఒకే చోట కనిపించేది ఆ బొంతలోనే.

గోదావరి తీరానికి లేసు వచ్చిందని చెప్పే ఆ 1840ల్లోనే అమెరికాలో స్నేహ బొంతలు వాడుకలోకొచ్చాయి. స్నేహితులూ బంధువులూ తలో ముక్క కుట్టి, దానిమీద పేరు రాసి ఇచ్చేవారు. ఊరొదిలి వెళ్లేవాళ్లకు అదో జ్ఞాపకం. ఇప్పటికీ అక్కడి బొంతల ప్రియులు ముక్కలు మార్చుకుంటూనే ఉంటారు. ఏళ్ల తరబడి పూర్తికాని పనిని ‘యూఎఫ్‌వో’ అని సరదాగా పిలుచుకుంటారు. ఎగిరే పళ్లెం కాదు... ‘అన్‌ఫినిష్‌డ్‌ ఆబ్జెక్ట్‌’!

అక్కడ ముక్క మీద పేరుంటుంది. మన లేసు పువ్వు మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. తేడా అంతా అక్కడే ఉంది.

పేరు లేని పని
జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్‌ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతానికొచ్చి లేసు అల్లేవాళ్ల జీవితాలను అధ్యయనం చేశారు. 1982లో ‘ది లేస్‌ మేకర్స్‌ ఆఫ్‌ నర్సాపూర్‌’ పుస్తకం తెచ్చారు. వాళ్ల సగటు సంపాదన రోజుకు 56 పైసలని ఆమె లెక్కగట్టారు. వ్యవసాయ కూలీ మహిళలకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతు కూడా కాదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పనిగా చూడటం వల్లే అంత తక్కువ కూలీ సాగిపోతోందని ఆమె తేల్చారు. పైగా ఎవరు చేసే భాగం వాళ్లదే. ఏళ్ల తరబడి పువ్వులు అల్లినా, అవి దుప్పటిగా మారాక చూడని వాళ్లెందరో.

ఆ తర్వాత కాలం మారింది. చైనా నుంచి మెషిన్‌ లేసు చవగ్గా వచ్చిపడింది. 2020లో కరోనాతో ఆర్డర్లు పడిపోయాయి. మరోపక్క సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరి పేరుకు రక్షణ దొరికినట్టే. చేతికి తగిన కూలీ దక్కినప్పుడే ఆ గుర్తింపు ఇంటిదాకా వచ్చినట్టు. అమ్మ అల్లిందని కూతురు అల్లే రోజులు కావివి. గిట్టుబాటవుతుందా అని లెక్క చూసుకునే రోజులు.

పెట్టెలో సగం పని ఉందా?
అమ్మో అమ్మమ్మో మొదలుపెట్టి వదిలేసిన అల్లిక చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని పూర్తిచేయాలనుకుంటే...
• ముందు ఉన్న పువ్వులన్నీ లెక్కపెట్టండి. దుప్పటికి చాలకపోతే టేబుల్‌ క్లాత్‌కో, దిండు గలీబుకో సరిపోవచ్చు. చిన్నదైనా పూర్తయితేనే వాడకంలోకొస్తుంది.
• ఓ పువ్వును నమూనాగా పక్కన పెట్టి, కొత్తది అల్లి దానిమీద పెట్టి చూడండి. పెద్దదైతే సన్న సూది, చిన్నదైతే కాస్త లావు సూది వాడండి. చేతి బిగువు మార్చుకోవడం కన్నా సూది మార్చడం తేలిక.
• పాత నూలు ఎప్పుడో ఉతికి కుదించుకుపోయి ఉంటుంది. కాబట్టి కొత్త పువ్వులను కూడా ఉతికి ఆరబెట్టాకే కొలిచి అతకండి.
• పాత తెలుపు పసుపెక్కితే కంగారొద్దు. పాతవీ కొత్తవీ ఒకటి విడిచి ఒకటి పేర్చండి. తేడా కాస్తా డిజైనులా కనిపిస్తుంది.
• కొసలు ఏ రోజువి ఆ రోజే దాచేయండి. వెయ్యి పోగైతే పని మళ్లీ పెట్టెలోకే!
• ఒక్కరివల్ల కాకపోతే అక్కచెల్లెళ్లు, స్నేహితులు తలో పాతిక అల్లి మార్చుకోండి. దారం మాత్రం అందరికీ ఒకే నంబరు, ఒకే విడతది కొనండి.

ఈసారి లేసు దుప్పటి కొనేటప్పుడు ఓసారి తిరగేసి చూడండి. కొసలు కనిపించకుండా, వరుసలు సమంగా ఉన్నాయంటే దాని వెనక పదిమంది చేతులూ, వాటన్నిటినీ కలిపిన ఓ ఓపికా ఉన్నట్టు. బేరమాడేముందు ఆ 500 పువ్వుల లెక్క గుర్తుకు తెచ్చుకుంటే చాలు.