నీటిలో పుట్టిన కొండ

అమెరికా దేశమునందలి టెక్సాసు రాష్ట్రపు పడమటి కొసన, ఎల్ పాసో నగరమునకు సుమారు 110 మైళ్లు తూర్పుగా, చివావా ఎడారి నడుమ గ్వాడలూపే అను పర్వతపంక్తి కలదు. ఆ రాష్ట్రమునందలి శిఖరములలో నెల్ల ఎత్తైన గ్వాడలూపే శిఖరము ఇచ్చటనే యున్నది. దాని యెత్తు 8,751 అడుగులు. 1972వ సంవత్సరమున ఈ ప్రదేశము జాతీయోద్యానముగా ఏర్పడినది. ఉద్యానమనగానే పూలమొక్కలును పచ్చికబయళ్లును ఊహింపవలదు. ఇది సుమారు 86 వేల ఎకరముల కొండలు, లోయలు, ముండ్లపొదలు. లోపల భోజనశాల లేదు. బసకు సత్రము లేదు. కారునకు పెట్రోలు దొరకదు. కొండనెక్కి గుడారములలో నిదురింపగోరువారు కావలసినదెల్ల తామే తెచ్చుకొనవలెను. నా కుమారుడు ఆ రాష్ట్రమున ఉద్యోగి యగుటచే, ఒక మే నెలలో నేనును వానితోడను, పన్నెండేండ్ల మనుమనితోడను అచ్చటికి పోయితిని.

దూరమునుండి వచ్చువారికి మొదట కానవచ్చునది ఎల్ కాపిటాన్ అను కొండకొమ్ము. నిట్టనిలువుగ తెగగోసినట్లుండు ఆ సున్నపురాతి గోడ చరిత్ర వింతయైనది. సుమారు 26 కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచ్చట ఎడారి లేదు, వెచ్చని సముద్రముండెను. దాని యంచున స్పంజికలును, సున్నమును విడుచు నాచుజాతులును, ఇతర చిన్నజీవులును తరతరములుగా పెరిగి, చచ్చి, ఒకదానిపై నొకటి పేరుకొని గట్టుగా ఏర్పడినవి. అట్టి గట్టును రీఫ్ అందురు. మీరు పటములలో చూచు పగడపు దిబ్బలును రీఫులే; అయితే ఈ గట్టును కట్టిన పనివారిలో పగడపు జీవులు ముఖ్యులు కారు. కాలక్రమమున సముద్రము ఇంకిపోయినది. ఉప్పును, జిప్సమును, మన్నును గట్టును కప్పివేసినవి. కోట్లకొలది సంవత్సరములు అది భూగర్భముననే యుండెను. పిదప భూమి పొరలు పగిలి, ఒక ప్రక్క లేచి, వేరొక ప్రక్క క్రుంగెను. లేచిన ప్రక్కనున్న మెత్తని మన్ను వానలకు కొట్టుకొనిపోగా, రాయి బయటపడినది.

క్రుంగిన పడమటి భాగమున నీరు నిలిచి, ఎండి, తెల్లని ఉప్పుబయలు మిగిలినది. ఆ ప్రాంతపు జనులు ఆ ఉప్పును ఉచితముగా తీసికొనుచుండగా, దానిని సొంత ఆస్తిగా చేసికొనుటకు యత్నము జరిగెను. తన్మూలమున 1877లో పోరాటము చెలరేగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఉప్పుకై పోరాడినవారు మనము మాత్రమే కాము!

కొండ పాదమున పెరుగు మొక్కలను చూచి నేను ఆశ్చర్యపడితిని. మా అనంతపురము జిల్లాలో చేనిగట్లపై కనిపించు నాగజెముడు, కిత్తనార మొక్కల చుట్టములే అవి. నిజమునకు వాని పుట్టినిల్లు అమెరికా ఖండమే. మన యూళ్లకు అవి తరువాత వచ్చినవి. ఈ కొండలలో నివసించిన మెస్కలెరో అపాచీ జనులు కిత్తనార జాతి మొక్క నడిబొడ్డును రాళ్లు పరచిన గుంటలలో కాల్చి తినుచుండిరి. పైకి పోయినకొలది పైన్ చెట్లు కానవచ్చును. మెకిట్రిక్ అను కనుమలో ఏరును పారును.

శిఖరమునకు పోవు దారిలో మాత్రము నీటివసతి లేదు. కావున ఒక్కొక్కరు దినమునకు ఒక గాలను, అనగా సుమారు 3.8 లీటర్ల నీరు వెంట నుంచుకొనవలెనని ఉద్యానాధికారుల సలహా. లెక్కించి చూడుడు. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. ఇద్దరు కొండపై రెండు దినములు గడపవలెనన్న నీరే పదునైదు కిలోగ్రాములు! ఇంకొక మోసము కలదు. ఎడారిగాలి పొడిగా నుండుటచే చెమట పట్టినవెంటనే ఆరిపోవును; ఒంటినుండి నీరు పోవుచున్న సంగతి మనకు తెలియనే తెలియదు. దప్పిక కలుగువరకు ఆగక, నడుమ నడుమ కొంచెముగా త్రాగుచుండవలెను.

గుడారమునకు గాలియే శత్రువు. శీతకాలమునను వసంతమునను గంటకు 80 మైళ్లను మించిన వేగముతో గాలి వీచుట కలదు. కొండపై అనుమతిపత్రము పొంది, నియమించిన తావులందే గుడారము వేయవలెను. కట్టెలుగాని బొగ్గులుగాని మండింపరాదు. ఒక్క నిప్పురవ్వ ఎగిరిన కొండయే అంటుకొనును. చిన్న గ్యాసు పొయ్యిని వాడుకొనవచ్చును.

శిఖరమునకు పోయి వచ్చుటకు 8.4 మైళ్ల నడక. ఎక్కవలసినది 3,000 అడుగులు. పట్టుకాలము ఆరు మొదలు ఎనిమిది గంటలు. మా ముగ్గురికి పదకొండు లీటర్లకు పైగా నీరుండవలెను. బరువునకు జంకి నేను మూడు సీసాలను క్రిందనున్న గుడారములోనే దాచి, ఎనిమిది లీటర్లతో బయలుదేరదీసితిని. నా కుమారుడు అడుగగా, "చెట్లనీడ యున్నదిగదా" అంటిని. కాని తొలి రెండు గంటల దారి నిండ ఎండయే. శిఖరమునకు ఒక మైలు దిగువనున్న గుడారముల తావు చేరునప్పటికి నాలుగు లీటర్లు ముగిసినవి. తెచ్చిన నీటిలో సగము తీరినచోటనే వెనుకకు మరలవలెనని కొండలెక్కువారి నియమము.

"తాతయ్యా, ఇంక ఒక్క మైలేగదా!" అని మనుమడు కన్నీళ్లు పెట్టుకొనెను.

"శిఖరము ఒక్క మైలే నాయనా, అచ్చటినుండి మన గుడారము నాలుగు మైళ్లు" అంటిని.

వాడు మాటాడక ముందుగా దిగసాగెను. కొంతదూరము పోయి ఒక బండకడ ఆగి మమ్ము కేకవేసెను. రాతిలో గవ్వవంటి గుర్తు, బొటనవ్రేలి గోరంత, స్పష్టముగా నుండెను. అట్టి శిలాజములను తీసికొనిపోవుట నిషిద్ధము గనుక, వాడు దాని బొమ్మను కాగితముపై గీసికొనెను. మేము గుడారము చేరునప్పటికి మా సీసాలలో అరలీటరు నీరు మిగిలియుండెను.